తెర నల్లబడిన ప్రతిసారీ స్విచ్ తీయవద్దు

ప్రశ్న: ఇంట్లోనే డీటీపీ పని చేస్తుంటాను. ఐదేళ్లనాటి డెస్క్‌టాప్, విండోస్ 10 ఉంది. రెండు నెలలుగా తెర ఉన్నట్టుండి నల్లబడుతోంది. ఒక్కోసారి, ముఖ్యంగా నేను కుర్చీలోంచి లేచినప్పుడు, పోయి రెండు మూడు సెకన్లలో తనంతట తానే వస్తోంది. మరోసారి స్విచ్ తీసి వేస్తే గాని రావడం లేదు. మొన్న ఒక పెళ్లిపత్రిక సగంలో ఉండగా స్విచ్ తీయాల్సి వచ్చి, చేసిన పనంతా పోయింది. మరమ్మతు దుకాణంలో మదర్‌బోర్డు మార్చాలన్నారు. మార్చక తప్పదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇవి రెండు వేర్వేరు లోపాలు కావచ్చు. వాటిని విడదీసి చూడకుండా ఏ భాగం మార్చినా డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంది.

ముందు కుర్చీ సంగతి చూద్దాం. వినడానికి వింతగా ఉన్నా మీరు గమనించినది చాలా విలువైన ఆనవాలు. గ్యాస్ సిలిండర్‌తో ఎత్తు తగ్గించి పెంచుకునే చక్రాల కుర్చీలోంచి లేచినప్పుడు స్థిరవిద్యుత్తు పుట్టి, దాని తాకిడి మానిటర్ కేబుల్‌లో వెళ్లే సంకేతాన్ని క్షణకాలం చెదరగొట్టడం నిజంగా జరిగేదే. లోపలి తీగలకు రక్షణగా ఉండే లోహపు తొడుగు నాసిగా ఉన్న చవక హెచ్‌డీఎంఐ కేబుళ్లతో ఈ ఇబ్బంది ఎక్కువ. రెండు చివర్లా కేబుల్ ఊడదీసి గట్టిగా పెట్టండి, సీపీయూ వెనుక చుట్టలుగా పడి ఉంటే సరిచేయండి. ఒక రోజు మామూలు చెక్క కుర్చీలో కూర్చుని పని చేసి చూడండి. నల్లబడడం ఆగిపోతే పొట్టిదీ నాణ్యమైనదీ అయిన కేబుల్ ఒకటి కొంటే చాలవచ్చు. అలాగే కంప్యూటర్ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన గోడలో ఎర్త్ తీగ ఉందని నమ్మడానికి వీల్లేదు.

కుర్చీతో సంబంధం లేకుండా కూడా తెర పోయి వస్తుంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, అంటే తెర మీద బొమ్మ చూపించే భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అనుమానించాలి. గ్రాఫిక్స్ భాగం 2 సెకన్లలోగా స్పందించకపోతే విండోస్ దాన్ని తానే ఆపి మళ్లీ నడిపిస్తుంది, ఆ కాసేపూ తెర నల్లగా ఉంటుంది. కంప్యూటర్‌లో జరిగినవి నమోదయ్యే విండోస్ ప్రోగ్రామ్ ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ పట్టికలో, తెర పోయిన సమయానికి ఎదురుగా 4101 అనే సంఖ్య కనిపిస్తే జరిగింది అదే. అప్పుడు డ్రైవర్‌ను తీసేసి, తయారీదారు ఇచ్చినదాన్ని కొత్తగా వేయాలి.

ఇక తెర తిరిగి రాని సందర్భం. మీ పని పోయినది ఇక్కడే కనుక దీన్ని శ్రద్ధగా చదవండి. తెర నల్లబడగానే స్విచ్ జోలికి పోకుండా కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ పని చేస్తూనే ఉందనీ, మీ పెళ్లిపత్రిక లోపల భద్రంగానే ఉందనీ అర్థం. ఆ దీపాన్ని ఆర్పి, వెంటనే కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కండి. ఫైలుకు ముందే పేరు పెట్టి ఉంటే, తెర కనబడకపోయినా అది సేవ్ అవుతుంది. అందుకే ఏ పనైనా మొదలుపెట్టగానే పేరు పెట్టడం అలవాటు చేసుకోండి. తరువాత విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. దానితో తెర వచ్చిందంటే లోపం అక్కడే ఉంది. రాకపోతే గదిలో లైటు ఆర్పి, తెర మీదకు టార్చి ఏటవాలుగా వేసి చూడండి. అక్షరాలు మసకగా కనిపిస్తే పోయినది మానిటర్ లోపలి బ్యాక్‌లైటు మాత్రమే.

క్యాప్స్ లాక్ దీపం కదలకపోతే కంప్యూటరే బిగుసుకుపోయింది. అప్పుడు ర్యామ్ (తాత్కాలిక మెమరీ పలక), వేడి, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఈ మూడింటినీ చూడాలి. ప్లగ్గు పూర్తిగా తీసి, సీపీయూ డబ్బా తెరిచి, ఫ్యానులోని దుమ్ము దులిపి, ర్యామ్‌ను బయటికి తీసి దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా రుద్ది మళ్లీ బిగించవచ్చు. ర్యామ్ ముట్టుకునే ముందు డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. ఎస్‌ఎంపీఎస్‌ను గాని, మానిటర్‌ను గాని మీరు విప్పవద్దు, ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

వారం రోజుల పాటు తెర పోయిన ప్రతిసారీ సమయం, ఆ క్షణంలో మీరు చేస్తున్న పని, క్యాప్స్ లాక్ దీపం వెలిగిందీ లేనిదీ ఒక కాగితం మీద రాసి పెట్టండి. దుకాణానికి మళ్లీ వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించి, ముందుగా వేరే మానిటర్, వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి పరీక్షించమని అడగండి. ఆ రెండింటితోనూ లోపం పోకపోతేనే మదర్‌బోర్డు మాట ఎత్తనివ్వండి.