నలుగురిలోకి వెళ్లాలంటే గుండె దడ... ఇది బిడియమేనా?

ప్రశ్న: నా వయసు 25. బ్యాంకు పీవో పరీక్షలు రాస్తున్నాను. మెయిన్స్ గట్టెక్కినా ఇంటర్వ్యూకు వెళ్లలేకపోయాను. కొత్తవారి ముందు నోరు విప్పాలంటే గుండె దడ, చెమటలు. ఇటీవల పెళ్లిచూపుల్లో కాఫీ అందిస్తుంటే చేయి వణికి సాసర్‌లో ఒలికింది. అప్పటి నుంచి శుభకార్యాలకు వెళ్లడం మానేశాను. నలుగురి మధ్య కూర్చుని తినడమూ ఇబ్బందిగానే ఉంది. ‘చిన్నప్పటి నుంచీ నీకు బిడియం, పెళ్లయితే అదే పోతుంది’ అంటోంది అమ్మ. ఇది జబ్బా? మందులు వాడాలా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ (నలుగురిలోకి వెళ్లాలంటే కలిగే తీవ్రమైన భయం) కావచ్చు. మిమ్మల్ని చూసి, మాట్లాడితే గానీ నిర్ధారించలేం. బిడియస్థులు కొత్తచోట కాసేపు తడబడి, ఆ తర్వాత కలిసిపోతారు. వారి పనులేవీ ఆగవు. మీరు మాత్రం కష్టపడి చదివి, మెయిన్స్ దాటి, ఇంటర్వ్యూ గుమ్మం దగ్గర ఆగిపోయారు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ఆరు నెలలు, అంతకు మించి ఉండి, చదువునో ఉద్యోగాన్నో బంధుత్వాలనో దెబ్బతీస్తుంటే దానికి చికిత్స అవసరం.

ఈ సమస్య చాలామందికి 8-15 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. అందుకే ఇంట్లోవారు ‘పిల్ల తీరే అంత’ అనుకుంటారు. మీ అమ్మగారి మాటలో ప్రేమే ఉంది. కానీ పెళ్లితో ఇది తగ్గదు. కొత్త ఇల్లు, కొత్త చుట్టాలు, పిలుపులు, పేరంటాలు... భయపెట్టే సందర్భాలు పెరుగుతాయి. మా దగ్గరికి చాలామంది ఏళ్ల తరబడి లోలోపలే నలిగిపోయి, డిప్రెషన్ కూడా తోడయ్యాక వస్తారు. కొందరు యువకులైతే నలుగురిలోకి వెళ్లేముందు ధైర్యం కోసం మద్యానికి అలవాటుపడి ఉంటారు. మీరు 25 ఏళ్లకే అడిగినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఆ కాఫీ కప్పు దగ్గరే కాసేపు ఆగుదాం. చేయి వణుకుతుందేమోనని కప్పును గట్టిగా పట్టుకుని ఉంటారు. కండరాలు బిగుసుకుంటే వణుకు పెరుగుతుందే తప్ప తగ్గదు. కళ్లు కప్పు మీద, మనసంతా ‘నేనెలా కనిపిస్తున్నానో’ అన్నదాని మీద. ఎదుటివారు నిజంగా ఏం చూశారో, అసలు చూశారో లేదో మీకు తెలియదు. మీ లోపలి కంగారే వారి కళ్లకూ కనిపించిందని అనుకున్నారు. రాత్రి పడుకున్నాక అదంతా మళ్లీ మళ్లీ గుర్తొచ్చి ఉంటుంది. తలచుకున్న ప్రతిసారీ జరిగినదానికన్నా ఘోరంగా తోస్తుంది.

తల దించుకోవడం, చేతులు దాచుకోవడం, ప్రతి మాటా ముందే మనసులో వల్లెవేసుకోవడం, మూల కుర్చీ వెతుక్కోవడం... భయం నుంచి తప్పించుకోవడానికి చేసే ఈ పనులే దాన్ని నిలబెడతాయి. గండం గడిచినా ‘తల దించుకున్నాను కాబట్టి బయటపడ్డాను’ అనిపిస్తుంది. ఎత్తుకున్నా ఏమీ అయ్యేది కాదని తెలిసే వీలే ఉండదు. అసలు వెళ్లకుండా ఉండిపోవడం వీటన్నిటికన్నా చేటు. ఆ పూటకు హాయిగానే ఉంటుంది, మరుసటి పిలుపుకు భయం ఇంకాస్త పెరుగుతుంది.

ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (సీబీటీ) సరిగ్గా ఇక్కడే పనిచేస్తుంది. సాధారణంగా వారానికొకసారి చొప్పున 12-16 సార్లు సైకాలజిస్టును కలవాల్సి ఉంటుంది. తేలికైన వాటితో మొదలుపెడతారు. కొట్టులో ధర అడిగి ఏమీ కొనకుండా రావడం, పిన్ని ఇంట్లో అందరితో కలిసి భోంచేయడం, ఆ తర్వాత నమూనా ఇంటర్వ్యూ. కావాలనే చేయి వణికించి కప్పు అందించమనీ అడగవచ్చు. వింతగా అనిపించినా చేసి చూడండి. ఎదుటివారు పట్టించుకోలేదని కళ్లారా చూసినప్పుడు కలిగే ధైర్యం నా మాటలతో రాదు.

ఇక మందులు. అందరికీ అవసరం ఉండదు. భయం తీవ్రంగా ఉంటే ఎస్‌సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి ఇస్తాం. గుణం కనిపించడానికి 4-6 వారాలు, ఒక్కోసారి 12 వారాలు పడుతుంది. మొదట్లో వికారం, తలనొప్పి ఉండొచ్చు, కంగారు కాస్త పెరగొచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఇవి వ్యసనంగా మారవు. అయితే ఉన్నట్టుండి ఆపేయకూడదు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్లు తగ్గించుకుంటూ మానాలి. కంగారును తాత్కాలికంగా తగ్గించే అల్ప్రజోలామ్‌ను మాత్రం మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు. అది త్వరగా అలవాటవుతుంది. ఇంటర్వ్యూ రోజున దడ, వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ వేసుకోమని స్నేహితులు చెప్పవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదకరం, సొంతంగా వాడకండి. దడ, వణుకు, చెమటలు థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి కాబట్టి ముందు ఆ రక్తపరీక్ష చేయించండి.

ఖమ్మంలోనే సైకియాట్రిస్టును కలవవచ్చు. అక్కడ మాట పెగలదనుకుంటే ఇబ్బందులన్నీ కాగితం మీద రాసుకెళ్లి ఇవ్వండి, మేం అలవాటుపడ్డవాళ్లమే. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోను చేయడమే కష్టమైతే మొదటిసారి అమ్మగారిని చేయమని, మీరు పక్కన కూర్చోండి. రెండోసారి మీరే మాట్లాడండి.