వరద పొలం పక్కన ఊరు పెట్టొచ్చా? సివిలైజేషన్ ఆట మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సివిలైజేషన్ 6 గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరి జిల్లాలవే. అడిగినవి కూడా చాలావరకు నీళ్ల చుట్టూనే తిరిగాయి, మనవాళ్లు కదా మరి. ఆట తెలియనివాళ్లకి ఒక ముక్క: క్రీ.పూ. 4000లో ఒక చిన్న గుంపుతో మొదలుపెట్టి, ఊళ్లు కట్టుకుంటూ, చదువులూ చట్టాలూ నేర్చుకుంటూ, పక్క దేశాలతో బేరమో యుద్ధమో చేస్తూ ఈ కాలం దాకా రావాలి. ఒకరి వంతు తర్వాత ఒకరి వంతు, చదరంగంలో లాగ. ఒక్కో వంతుని టర్న్ అంటారు, మ్యాప్ మీద ఒక్కో గడిని టైల్ అంటారు. కింద చెప్పిన రూల్స్ గ్యాదరింగ్ స్టార్మ్ ఎక్స్‌పాన్షన్ (ఆటకి అదనంగా చేర్చుకునే భాగం) వేసుకున్న ఆటవి. అది లేకపోతే మీ ఆటలో వరదలూ ఉండవు, డ్యాములూ ఉండవు.

ప్ర: సెట్లర్‌ని (కొత్త ఊరు పెట్టే గుంపు) మొదటి టర్న్‌లోనే దింపెయ్యమంటాడు మా బావ. నేను మంచి చోటు దొరికేదాకా అయిదారు టర్న్‌లు తిప్పుతాను. ఎవరిది రైటు?
– ఇంటర్ విద్యార్థి, అమలాపురం

జ: మీ బావదే తమ్ముడూ. మొదట నిన్ను దింపే చోటుని గేమే కాస్త మంచి నేల చూసి ఇస్తుంది, కాబట్టి ఒక టర్న్, మహా అయితే రెండు కదలొచ్చు, అది కూడా కారణం ఉంటేనే. ఆ కారణం దాదాపు ఎప్పుడూ నీళ్లే అవుతుంది. ఊరు నదికో మంచినీటి చెరువుకో ఆనుకుని ఉంటే 5 హౌసింగ్‌తో (ఊళ్లో ఎంత జనాభాకి చోటుందో ఆ లెక్క) మొదలవుతుంది, ఉత్త సముద్రపు ఒడ్డయితే 3, ఏ నీళ్లూ లేని చోటయితే 2. నువ్వు అయిదారు టర్న్‌లు తిరిగేలోపు పక్కవాడి ఊళ్లో స్కౌట్ (చుట్టుపక్కల నేల చూసొచ్చేవాడు) తయారై మీ వైపు వచ్చేస్తాడు.

ఇంకో చిన్న సంగతి, చాలామంది చూసుకోరు. ఊరు ఎక్కడ పెట్టినా ఆ టైల్‌లో కనీసం 2 ఫుడ్ (తిండి), 1 ప్రొడక్షన్ (ఊరు కట్టే పనుల వేగం) వస్తాయి, అదే మైదానపు గుట్ట మీద పెడితే 2 ఫుడ్, 2 ప్రొడక్షన్. మొదట్లో ఆ ఒక్క ప్రొడక్షన్ తేడాతోనే మొదటి బిల్డరూ (పొలాలు వేసే పనివాడు) రెండో సెట్లరూ ముందే తయారవుతారు. నదికి ఆనుకుని అలాంటి గుట్ట కనిపిస్తే మాత్రం ఒక టర్న్ నడిచి వెళ్లు, మీ బావ ఏమన్నా సరే.

తర్వాతి ఊళ్లకి వేరే లెక్క. రెండు ఊళ్ల మధ్య కనీసం మూడు టైళ్ల ఖాళీ ఉండాలి, సెట్లర్‌ని తయారుచేసిన ప్రతిసారీ ఆ ఊరి జనాభాలో ఒకటి తగ్గుతుంది. ఊరి జనం మూడు టైళ్ల దూరం దాకా పని చేయగలరు గాని, జనాభా పదికి చేరినా ఆ నేలంతా వాడుకోరు. అందుకని ఊళ్లు కాస్త దగ్గర దగ్గరగా పెట్టుకున్నా నష్టం లేదు. ఈ ఆటలో ఓడిపోయినవాళ్లు ఎక్కడ దెబ్బ తిన్నామా అని చివరి యుద్ధం దాకా వెళ్లి ఆగిపోతారు, నేనైతే సెట్లర్‌ని దింపిన టైల్ దగ్గరికి తిరిగి వెళ్లి చూడమంటాను.

ప్ర: ఇంటి దగ్గర ఏటా వరద, ఆటలో కూడా వరదేనా అండీ! నది పక్కన పొలాలేసిన ప్రతిసారీ కొట్టుకుపోతున్నాయి. ఫ్లడ్‌ప్లెయిన్స్ (నది పక్కన వరదకి మునిగే నేల) వదిలేసి మెరకకి పోవడం మంచిదా?
– లంక గ్రామ రైతు, పి.గన్నవరం మండలం

జ: వదలకండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మీకు నేను చెప్పక్కర్లేదు, ఆటలో ఆ హెచ్చరికలు కూడా ఉండవు, వరద ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మామూలు వరద, పెద్ద వరద, వెయ్యేళ్లకోసారి వచ్చేది అని మూడు రకాలు. పొలాలు పాడవుతాయి, పెద్దదైతే డిస్ట్రిక్ట్‌లు (ఊరికి అనుబంధంగా విడి టైల్ మీద కట్టే పేటలు) దెబ్బతింటాయి, జనాభా కూడా తగ్గొచ్చు. కానీ నీళ్లు తీశాక కొన్ని టైళ్లలో ఫుడ్ పెరుగుతుంది, ఒక్కోసారి ప్రొడక్షన్ కూడా, అలా పెరిగింది మళ్లీ పోదు. వరద తీశాక మీ లంకలో ఒండ్రు పడ్డట్టే అనుకోండి. రెండు మూడు వరదలు చూసిన నేల ఆట మధ్యలోకి వచ్చేసరికి మ్యాప్ మొత్తంలో మంచి పొలం అయి కూర్చుంటుంది.

అందుకని మొదట్లో నా పద్ధతి ఇది. ఫ్లడ్‌ప్లెయిన్స్ మీద పొలాలు వెయ్యండి, ఖరీదైన డిస్ట్రిక్ట్‌లు మాత్రం కట్టకండి. పాడైన పొలాన్ని బిల్డర్ బాగుచేస్తే అతనికున్న మూడు చార్జ్‌లలో (అతను చేయగల పనుల లెక్క) ఒక్కటి కూడా ఖర్చవదు, చాలామంది ఈ సంగతి తెలియక పాడైన పొలాన్ని అలాగే వదిలేస్తున్నారు. కాబట్టి నది పక్కన ఒక బిల్డర్‌ని ఆఖరి చార్జ్ వాడకుండా ఉంచుకుంటే చాలు. డిస్ట్రిక్ట్ పాడైతే అలా కుదరదు, ఊరి ప్రొడక్షన్ పెట్టి బాగుచేసుకోవాలి, ఆ టర్న్‌లలో ఇంకే పనీ సాగదు.

తర్వాత బట్రెస్ టెక్నాలజీ వచ్చాక డ్యామ్ కట్టండి. అది ఫ్లడ్‌ప్లెయిన్స్ టైల్ మీదే రావాలి, ఆ టైల్‌కి కనీసం రెండు వైపులా నది తగలాలి. మీకు డ్యామ్ కట్టే చోటు చూపించడం లేదంటే ఎక్కువసార్లు కారణం ఈ రెండో షరతే, నది ఒక పక్క నుంచే పోతూ ఉంటుంది. అందుకే ఆ టైల్‌ని ముందే గుర్తుపెట్టుకుని ఖాళీగా ఉంచుకోవాలి, మ్యాప్ మీద పిన్ పెట్టుకునే వీలుంది. జనాభాని బట్టి ఇన్ని డిస్ట్రిక్ట్‌లే కట్టాలన్న పరిమితి డ్యామ్‌కి లేదు. అంతదాకా ఆగలేమంటే పాటరీ నేర్చుకున్నాక గ్రేట్ బాత్ అనే వండర్ (అద్భుత కట్టడం) ఉంది, మొహెంజొదారో స్నానవాటిక, అది కూడా ఆ నది వరద నష్టాన్ని తగ్గిస్తుంది. ఇవేవీ మనవల్ల కాదు బాబూ అంటే ఈజిప్ట్‌తో ఆడండి, వాళ్ల కట్టడాలకి వరద నష్టమే ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ ఆట మీద నాకు ఫిర్యాదు ఉంది. ఇందులో డ్యామ్ అంటే ముఖ్యంగా వరద ఆపే గోడ. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట వరద ఆపడానికి కట్టింది కాదు, నీటి మట్టం పెంచి కాలవల్లోకి మళ్లించడానికి. డెల్టా మూడు పంటల నేల అయింది ఆ కాలవల వల్లే. ఆటలో కెనాల్ అని ఒక డిస్ట్రిక్ట్ ఉంది గాని అది ఓడలు దాటడానికి, పొలానికి చుక్క నీరివ్వదు. పాత సివిలైజేషన్ ఆటలు నయం, వాటిలో నదికి తగిలిన టైల్‌కి ముందు నీళ్లు పెట్టి, దాని పక్క టైల్‌కి, దాని పక్క టైల్‌కి అలా పాక్కుంటూ తీసుకెళ్లాలి, మధ్యలో ఒకటి వదిలేస్తే అవతల పొలానికి నీళ్లు లేవు. శివారు రైతు బాధ ఏమిటో ఆ ఆట ఆడినవాడికి తెలిసేది. ఇప్పుడు ఆరో భాగంలో ఫ్యూడలిజం నేర్చుకున్నాక పొలాల్ని ఒకదానికొకటి ఆనుకునేలా ముక్కోణంగా వేస్తే ఫుడ్ పెరుగుతుంది, ఉన్నదల్లా అదే.

ప్ర: చెరువు దగ్గర నైట్ డ్యూటీలో ఆడతాను. సముద్రం పక్కన ఊరు పెట్టాను, చుట్టూ చేపలు, పీతలు, ఫుడ్‌కి లోటు లేదు. అయినా జనాభా ముందుకి జరగదు. ఆటలో రొయ్యల చెరువు ఉందా?
– రొయ్యల రైతు, భీమవరం

జ: రొయ్యలు లేవండీ, పీతలున్నాయి, వాటి వల్ల వచ్చేది ఫుడ్ కాదు, బంగారం. మీ పీతల రేటు తెలిసినవాడెవడో ఆ రూల్ రాసుంటాడు.

మీకు తగ్గింది తిండి కాదు, ఇళ్లు. ఒక్కో జనాభాకి టర్న్‌కి 2 ఫుడ్ కావాలి, మిగిలింది పెరుగుదలకి పోతుంది, ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ జనాభా హౌసింగ్‌కి ఒకటి తక్కువలోకి రాగానే పెరుగుదల సగానికి పడిపోతుంది, హౌసింగ్‌తో సమానం కాగానే పావు వంతు. ఉప్పునీటి ఊరు 3తో మొదలవుతుంది కాబట్టి మీకు జనాభా రెండు దగ్గరే బ్రేక్ పడుతుంది. ముందు గ్రానరీ (ధాన్యపు కొట్టు) కట్టండి, 2 హౌసింగ్ వస్తుంది. ఒక్కో ఫిషింగ్ బోట్‌కీ, ఒక్కో పొలానికీ అర చొప్పున వస్తుంది. లైట్‌హౌస్ వల్ల కూడా పెరుగుతుంది. ఊరికి ఒక పక్క ఆనుకుని, ఇంకో పక్క కొండకో నదికో తగిలే టైల్ దొరికితే అక్విడక్ట్ (ఊరికి నీళ్లు తెచ్చే కట్టడం) కడితే 6 దాకా వెళ్తుంది.

వచ్చే ఆటలో మాత్రం నది సముద్రంలో కలిసే చోటు చూసి దిగండి. అంతర్వేది, యానాం లాంటి చోటన్నమాట. ఆ టైల్‌కి మంచినీటి 5 హౌసింగూ వస్తుంది, హార్బర్ కట్టుకునే వీలూ ఉంటుంది, కమర్షియల్ హబ్‌ని (వ్యాపారపు పేట) నది పక్కన పెడితే 2 బంగారం అదనం. ఇక చెరువు మీద మోజు తీరకపోతే లియాంగ్ అనే గవర్నర్‌కి ఆక్వాకల్చర్ ప్రమోషన్ ఇవ్వండి, ఆ ఊరి సముద్రపు టైళ్లలో ఫిషరీలు వేసుకోవచ్చు.

ప్ర: గుర్రానికి ఇంకా 1 మూవ్ మిగిలే ఉంది, కొండ ఎక్కమంటే ఎక్కదు. బగ్గా?
– డిగ్రీ విద్యార్థి, తణుకు

జ: బగ్ కాదు. గుట్ట ఎక్కడానికి 2 మూవ్‌లు కావాలి, గుట్ట మీద అడవి కూడా ఉంటే 3. అయిదో భాగంలో కాస్త మిగిలున్నా దూరనిచ్చేవాళ్లు, ఆరులో ఖర్చుకి సరిపడా చేతిలో ఉండాలి. ఆ టర్న్‌లో అసలు కదలని యూనిట్‌కి మాత్రం సడలింపు ఉంది, ఎంత ఖర్చున్న టైల్‌లోకైనా ఒక అడుగు వెయ్యొచ్చు.

ప్ర: పక్క రాజ్యం సరిహద్దులో బంగారం లాంటి చోటు దొరికితే ఊరు పెట్టాను. కొన్ని టర్న్‌లకే తిరగబడి వాళ్లలో కలిసిపోయింది. యుద్ధం లేదు, ఏమీ లేదు. ఇదేం అన్యాయం?
– ప్రైవేటు ఉద్యోగి, రావులపాలెం

జ: దాన్ని లాయల్టీ (ఊరికి మీ మీదున్న విధేయత) అంటారు. 9 టైళ్ల దూరంలో ఉన్న ప్రతి ఊరి జనాభా మీ ఊరి మీద ఒత్తిడి తెస్తుంది, దూరం పెరిగే కొద్దీ టైల్‌కి పది శాతం చొప్పున ఆ ఒత్తిడి తగ్గుతుంది. చుట్టూ వాళ్ల పెద్ద ఊళ్లు, మధ్యలో మీ కొత్త ఊరు, జనాభా ఒకటి. లెక్క మీకే తెలుస్తుంది. లాయల్టీ 100 నుంచి దిగుతూ దిగుతూ సున్నాకి వస్తే ఊరు మీ చెయ్యి దాటుతుంది. గవర్నర్‌ని అక్కడికి పంపితే టర్న్‌కి 8 కలుస్తుంది, కానీ ఆయన కుదురుకోవడానికి మామూలుగా 5 టర్న్‌లు పడుతుంది కాబట్టి ఊరు పెట్టాక తీరిగ్గా కాకుండా అదే టర్న్‌లో పంపాలి. సెట్లర్ చేతిలో ఉండగా మ్యాప్ మీద ప్రతి టైల్‌కీ లాయల్టీ ఎంత పోతుందో అంకె కనిపిస్తుంది, మైనస్ ఇరవై అని ఎర్రగా చూపిస్తుంటే అక్కడ దిగి అన్యాయం అంటే ఎలాగండీ.

ప్ర: మా మనవడు అన్నానికి పిలిస్తే “మధ్యలో ఆపితే ఆట పోతుంది తాతా” అంటున్నాడు. నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, పాలకొల్లు

జ: ఒక్కడే ఆడుతుంటే నిజం కాదు మాస్టారూ. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, గేమ్ కూడా తనంతట తాను సేవ్ చేసుకుంటూనే ఉంటుంది. స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడుతుంటే మాత్రం టర్న్‌కి టైమర్ ఉండొచ్చు, అప్పుడు వాడి మాటలో కొంత నిజం ఉంది. స్టాండర్డ్ స్పీడ్‌లో ఆట 500 టర్న్‌లు, మారథాన్‌లో 1500. వాడు ఏ స్పీడ్ పెట్టాడో ఒకసారి చూడండి. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు వంతులవారీగా ఆడే హాట్‌సీట్ పద్ధతి కూడా ఉంది, మీ వంతు మీరు ఆడి లేచి వాడికి కుర్చీ ఇవ్వడమే.

ప్ర: తీరంలో పెట్టిన ఊళ్లో చివరికొచ్చేసరికి పొలాలు, హార్బర్ మునిగిపోయాయి. నేను ఒక్క బొగ్గు ప్లాంట్ కూడా కట్టలేదే!
– పాఠకురాలు, నరసాపురం

జ: మీరు కట్టకపోయినా మిగతా రాజ్యాలు కట్టాయిగా అమ్మా. అందరి బొగ్గూ చమురూ కలిపి ఒకే లెక్కలోకి పోతుంది, సముద్ర మట్టం అందరికీ ఒకేలా పెరుగుతుంది. పల్లపు తీరపు టైళ్లు మూడు రకాలు: 1 మీటరుకి మునిగేవి, 2కి, 3కి. టైల్ మీద మౌస్ పెడితే ఏది ఏ రకమో రాసి ఉంటుంది, డిస్ట్రిక్ట్ కట్టేముందు అది చదువుకుంటే చాలు. ఫ్లడ్ బ్యారియర్ (సముద్రపు నీటిని ఆపే గోడ) కంప్యూటర్స్ టెక్నాలజీతో వస్తుంది, నీరు పెరిగే కొద్దీ దాని ఖర్చూ పెరుగుతుంది. కాబట్టి వచ్చిన టర్న్‌లోనే మొదలుపెట్టండి. ఊళ్లో మిగతా పనులు ఆగినా పర్వాలేదు.

ప్ర: ఆటలో గాంధీగారు అణుబాంబులు వేస్తారట, అసలు మొదటి ఆటలో ఏదో తప్పు వల్లే అలా మొదలైందట. నిజమా? పోనీ గాంధీగారిని పెట్టారు, మన తెలుగు రాజులెందుకు లేరు?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జ: 1991లో వచ్చిన మొదటి ఆటలో గాంధీగారి కోపం 1 నుంచి ఇంకా తగ్గించబోతే లెక్క తిరగబడి 255 అయిపోయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ బావుంటుంది గాని అలాంటి తప్పేమీ లేదని ఆట తయారుచేసిన సిడ్ మీయరే 2020లో తన ఆత్మకథలో రాశారు. 2010లో వచ్చిన అయిదో భాగంలో మాత్రం సరదాకి కావాలనే ఆయనకి అణ్వాయుధాల మోజు పెట్టారు. ఆరులో ఆయనంతట ఆయన యుద్ధానికి రావడం అరుదు, మీరు ఆయన మీదికి వెళ్తే మాత్రం మీ జనానికి యుద్ధం మీద విసుగు రెట్టింపు వేగంతో పెరుగుతుంది.

తెలుగు రాజ్యం అని పేరు పెట్టి ఇంతవరకు ఏ భాగంలోనూ ఇవ్వలేదు. శాతవాహనులు లేరు, కాకతీయులు లేరు, మీ ఊరి వేంగీ చాళుక్యులు లేరు. 2025లో వచ్చిన ఏడో భాగంలో, విడుదలైనప్పటి రూల్స్ ప్రకారం, కాలం మారినప్పుడల్లా రాజ్యం మార్చుకోవాలి, అందులో మౌర్యులు, చోళులు, మొఘలులు ఉన్నారు. మీరు చోళుల్ని తీసుకోండి. వేంగీ చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడి తల్లి చోళుల ఆడపడుచు, భార్య కూడా చోళుల ఆడపడుచే, 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు ఆయన కొడుకే. కాబట్టి గట్టిగా మాట్లాడితే ఆ రాజ్యం మీదే. కొనేముందు మీ కంప్యూటర్ దానికి సరిపోతుందో లేదో చూసుకోండి, ఆరుకంటే ఏడు చాలా బరువు.