తాత రాలీకి పార్టులు వెతికే ముందు

శిరీషా,

తాత రాలీ సైకిలును మెట్ల కింద నుంచి బయటికి తీశావట, బాగుచేసి దాని మీదే ఆఫీసుకు వెళ్తావట, మీ అమ్మ చెప్పింది. ఇంట్లో ఇంతమంది పిల్లలున్నా ఆ బండి మీదికి మనసు పోయింది నీకొక్కదానికే. గర్వంగా అనిపించింది. వెంటనే బంజారాహిల్స్ దిగుడు గుర్తొచ్చి కడుపులో దడ పుట్టింది.

అందుకే బ్రేకుతోనే మొదలుపెడుతున్నా. ఇది రాడ్ బ్రేకు. రబ్బరు రిమ్ముకు పక్కల నుంచి పట్టదు, లోపలి వైపు నుంచి పైకి ఒత్తుతుంది. ఉక్కు రిమ్ము తడిసిందంటే ఆ పట్టు బాగా సడలిపోతుంది. నాలుగు రబ్బర్లూ కొత్తవే వెయ్యి. రాడ్లు కలిసేచోట ఉండే చిన్న బోల్టులు ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూడు. వానలో ఆ బండి బయటికి తియ్యొద్దు. ఇందులో నాతో వాదించకు.

మామూలు పార్టుల గురించి కంగారు వద్దు. మన పాలవాళ్ల సైకిళ్లు ఈ నమూనాలోనివే. కాబట్టి చైను, పెడల్లు, బ్రేకు రబ్బర్లు ఆ బండ్లు బాగుచేసే షాపులో లూధియానా సరుకు దొరుకుతాయి. టైరు కొనేటప్పుడు 28 అన్న అంకె చూసి మోసపోకు, పక్కన 635 ఉండాలి, అది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. 622 టైరును కూడా 28 అనే అంటారు, అది మన రిమ్ముకు ఎక్కదు. రిమ్ము మార్చాల్సి వస్తే ముందుది 32 పుల్లలు, వెనకది 40. రెండూ 36 అని అంటగడితే తీసుకోకు.

బీబీ అంటే పెడళ్ల ఇరుసు తిరిగే గూడు. దానికి రెండు వైపులా మరతో బిగించే కప్పుల సంగతి మాత్రం నిదానంగా చదువు. నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీకి కప్పు మర అంగుళానికి 26 చుట్లు. షాపులో ఇచ్చే కప్పుకు 24. వ్యాసంలో తేడా వెంట్రుకవాసి, అందుకే కొత్త కప్పు సరిపోయినట్టే ఉంటుంది. చేత్తో ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. తుప్పు అడ్డొచ్చిందనుకుని నూనె పోసి, పొడుగు పానా వేసి లాగితే ఇంకో చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టుతోనే పని చెడిపోతుంది. గట్టి కప్పు మెత్తని ఫ్రేము మరను కోసుకుంటూ లోపలికి పోతుంది. ఆ తర్వాత పాత కప్పు తెచ్చి పెట్టినా బిగియదు. ఒక మంచి ఫ్రేముకు నేను చేసిన తప్పు ఇది. బాలానగర్ లేతుల వాళ్లు కూడా దానికి మందు లేదన్నారు. హాండిలు కప్పుల దగ్గరా ఇదే తేడా, 26కి 24.

తెలుసుకోవడం కష్టం కాదు. పాత కప్పు మరనూ కొత్త కప్పు మరనూ ఆనించి వెలుతురుకు ఎత్తిపట్టు. పళ్లు ఒకదాన్లో ఒకటి కూర్చుని మధ్యలోంచి వెలుగు రాకపోతే మర ఒకటే. చాలాసార్లు కప్పు మార్చే అవసరమే రాదు. కిరోసిన్‌తో కడిగి, బాల్స్ తిరిగిన గాడిలో పెన్ను మొన నడిపించు. ఎక్కడా తట్టకపోతే కప్పు బాగున్నట్టే. రాణీగంజ్ బేరింగు షాపులో పావు అంగుళం బాల్స్ 22 కొను, వైపుకు 11. పాతవాటితో కలిపి వెయ్యకు. కొత్తవి రవ్వంత పెద్దవి, బరువంతా వాటి మీదే పడుతుంది. కుడి కప్పుకు మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే దిక్కుకే ఊడుతుంది. ఎడమ పెడలూ అంతే.

క్రాంకును, అంటే పెడలు తగిలించే కడ్డీని, ఇరుసుకు బిగించే కాటర్ పిన్నును ఊరికే సుత్తితో బాదావంటే ఊరుకోను. క్రాంకు కింద ఇనుప పైపు నేలకు ఆనించి, నట్టును మర అంచుదాకా వదులుచేసి, ఒక్కటే గట్టి దెబ్బ వెయ్యి. కింద ఆసరా లేకపోతే ఆ దెబ్బ బాల్స్ మీదుగా కప్పుకు తగిలి గుంటలు పడతాయి. పిన్నులు 9 మిల్లీమీటర్లవీ ఉన్నాయి, 9.5వీ ఉన్నాయి. పాతది చూపించి అదే తీసుకో. సన్నది దూరుతుంది గానీ నాలుగు రోజుల్లో క్రాంకు కొట్టుకోవడం మొదలవుతుంది. వేశాక కొన్ని కిలోమీటర్లు తొక్కి మళ్లీ బిగించు.

విప్పిన ముక్క ఎంత పాడైనా పారెయ్యకు తల్లీ. ఫోనులో ఫోటో చూపిస్తే షాపువాడు దగ్గరిది ఏదో ఇస్తాడు. ముక్క చేతిలో ఉంటే కొలిచి ఇస్తాడు.

గురువారం పొద్దున్నే జుమేరాత్ బజార్‌కు వెళ్దాం. తుప్పు పట్టిన రాలీ ఫ్రేము కనబడితే దాని కప్పుల కోసమే కొందాం. మర గేజి నేను తెస్తా, పిన్నులూ పెడల్లూ గుడ్డలో కట్టి నువ్వు తీసుకురా. బీబీ మీద మాత్రం నేను వచ్చేదాకా పానా పెట్టకు.

మామయ్య