ద్వారకా తిరుమల దారిలో కనిపించే కిటికీల్లేని ఎత్తైన కట్టడాలు ఏమిటి?

విశాఖ నుంచి ద్వారకా తిరుమల వెళుతుంటే, కొవ్వూరు దాటాక దేవరపల్లి చుట్టుపక్కల కనిపించే ఈ కట్టడాల గురించి అడిగారు. పాత జైళ్ళా, నీళ్ళ ట్యాంకులా అని మీ అనుమానం. రెండూ కావు. పొగాకు బ్యారన్లు, అంటే పచ్చి పొగాకును వేడితో ఎండబెట్టే గదులు.

నేను గాజువాక వాడిని. అయినా జవాబు చెప్పే హక్కు నాకుంది, ఒక బ్యారన్ ఆకును చేజేతులా పాడుచేసిన ఘనత నాది కాబట్టి.

1988లో డిగ్రీ తప్పాను. ఇంట్లో నా ముఖం చూడలేక కొయ్యలగూడెం దగ్గర పెద్దమ్మ వాళ్ళ ఊరికి పంపారు. ఫిబ్రవరి నెల, ఆకు రెలుపులు, అంటే ఆకు కోతలు, జోరుగా సాగుతున్నాయి. మొక్క అడుగున పండిన ఆకు ముందు, పైది తరువాత, విడతలుగా రెలుస్తారు. ఆడవాళ్ళు నీడన కూర్చుని ఆ ఆకును కర్రలకు అల్లుతారు. ఆ కర్రలను బ్యారన్ లోపల కింది నుంచి కప్పు దాకా వరుసలుగా వేలాడదీస్తారు, అందుకే అంత ఎత్తు. పొయ్యి బయట ఉంటుంది. దాని వేడి లోపల నేల మీద పరిచిన రేకు గొట్టాలలో తిరుగుతుంది, పొగ మాత్రం బయటికే పోతుంది. పేరులో పొగ ఉంది కదా అని ఆకుకు పొగ పెడతారనుకునేవారు మన విశాఖలో బాగా చదువుకున్నవారిలోనే ఎక్కువ. ఒక పెళ్ళి విందులో దీని మీద వాదించి నేను పెరుగన్నం కూడా తినకుండా లేచాను.

మొదటి ఒకటిన్నర రోజు వేడి ఫారన్‌హీట్‌లో 100 డిగ్రీల దగ్గరే ఉండాలి. ఆకు పచ్చదనం పోయి పసుపు తిరగాలి. తరువాత నెమ్మదిగా పెంచుకుంటూ పోయి, ఈనె ఎండడానికి చివర్లో 160 దాకా తీసుకువెళ్ళాలి. రెండు రాత్రులుగా కన్ను మూయని మా పెదనాన్న ఆ రాత్రి నాకు టార్చి ఇచ్చి, "గంటకోసారి అద్దంలోంచి థర్మామీటరు చూడు. పొయ్యి జోలికి మాత్రం పోవద్దు" అని చెప్పి పడుకున్నారు.

నాకు చలేసింది. పొయ్యిలో నాలుగు దుంగలు ఎక్కువ వేసి, ఆ వెచ్చదనానికి అక్కడే నిద్రపోయాను. తెల్లవారి చూస్తే 125. ఆకు పసుపు తిరగకముందే ఎండిపోయి, పచ్చ మరకలతో అలాగే నిలిచిపోయింది. ఆ పచ్చ ఇక పోదు. పెదనాన్న తలుపు తీసి, ఒక ఆకు నలిపి వాసన చూశారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని టీ తాగడానికి వెళ్ళిపోయారు. తరువాత వేలంలో మా బేళ్ళ ముందు కొనేవాళ్ళు నడక వేగం పెంచడం నేను కళ్ళారా చూశాను.

ఇవి మరిచిపోయిన కట్టడాలని అంటున్నది కారులో పోయేవాళ్ళే. అక్కడి రైతుకు బ్యారన్ అంటే పొలం పత్రం లాంటిది. పొగాకు బోర్డు లెక్కలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి, లేనివాళ్ళు కౌలుకు తీసుకుంటారు. మనం వేసవి సెలవుల్లో మొక్కులకు వెళతాం, అప్పటికి పొయ్యిలు ఆరిపోయి ఉంటాయి. జనవరిలో ఒకసారి వెళ్ళి చూడండి. ఖాళీ బ్యారన్లలో దయ్యాలున్నాయని వీడియోలు తీసే కుర్రాళ్ళను ఒక్క రాత్రి ఆ పొయ్యి దగ్గర కాపలా పెట్టాలి.

అసలు అంత దూరం ఎందుకు? మన అనకాపల్లి వైపు బెల్లం వండే పాకల గురించి ఇక్కడ ఒక్కరూ అడగరు. చెరకు పరిశోధన స్థానం 1913 నుంచి ఉన్న ఊరు అది. మునగపాక, కశింకోట దారుల్లో గానుగ, పక్కనే ఎండబెట్టిన పిప్పి, పాక నిండా ఆవిరి, వాసనకే బస్సులో నిద్ర లేచేవాళ్ళం. ఇప్పుడు బెల్లం తెల్లగా మెరవాలని హైడ్రోస్ అనే తెల్లబరిచే రసాయనం కలిపించింది పట్నం వాళ్ళమే, మళ్ళీ రుచి లేదని సణిగేదీ మనమే.

మొన్న ఆ దారిలో టీకి ఆగితే, ఆ కొట్టు ఒకప్పటి బెల్లం పాక అని కప్పు చూడగానే తెలిసింది. పెనం ఏమైందని అడిగాను. యజమాని నన్ను వెనక్కి తీసుకువెళ్ళి చూపించాడు. అందులో గేదె కుడితి తాగుతోంది.