దండెం తీగ, ఎర్రబడ్డ జామాకులు

"చక్కెర మొక్కకి తిండే కదా, దాని జీన్ల మీద కూడా పెత్తనం చేస్తుందా?" అని అడిగారు. చేస్తుంది. నాకు ఆ సంగతి చెప్పింది మా పెరట్లో జామచెట్టు.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. అమ్మ కొబ్బరిచెట్టుకీ జామకొమ్మకీ ఇనప తీగతో దండెం కట్టింది. కొమ్మ లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగిపోయింది. ఓ వినాయక చవితికి ఇంటికెళ్తే చెట్టంతా పచ్చగానే ఉంది, ఆ ఒక్క కొమ్మ ఆకులు మాత్రం రాగి చెంబులా ఎర్రగా ఉన్నాయి. "ఏటోరా, దిష్టి తగిలినట్టుంది" అంది అమ్మ. ఎరువుల కొట్టాయనకి ఆకు చూపిస్తే ఫాస్ఫరస్ లోపమని ఓ సీసా అంటగట్టాడు. లోపం ఒక్క కొమ్మకే వస్తుందా? ఏ ఆకు చూపించినా వీళ్ల దగ్గర ఓ సీసా రెడీగా ఉంటుంది!

తీగకి పైన కొమ్మ బొప్పి కట్టినట్టు ఉబ్బింది, కింద సన్నగానే ఉంది. అప్పుడు వెలిగింది. నీళ్లు లోపలి చెక్కలోంచి ఎక్కుతాయి కాబట్టి ఆకు వాడలేదు. ఆకు వండిన చక్కెర మాత్రం బెరడులోంచే దిగాలి. ఆ దారి మూసుకుపోయి సరుకు పైనే పేరుకుపోయింది. గోడౌన్ నిండితే జూట్ మిల్లులో షిఫ్టు ఆపేస్తారే, ఆకూ అంతే. కిరణజన్య సంయోగక్రియకి సంబంధించిన జీన్లను తగ్గించేసి, ఎర్ర రంగు ఆంథోసయనిన్ తయారుచేసే జీన్లను తెరుస్తుంది.

చక్కెర నిండిందని ఆకుకి చెప్పేవాటిలో ఒకటి హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్. గ్లూకోజ్‌ని వాడుకునే పనిలో మొదటి మెట్టు అదే. 2003లో జెన్ షీన్ అనే శాస్త్రవేత్త బృందం, ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఆ పని చెయ్యలేని హెక్సోకైనేజ్‌ని పెట్టి చూసింది. అయినా అది గ్లూకోజ్ కబురు జీన్లకి అందించింది. అంటే తినడం వేరు, తిండి ఉందని తెలుసుకోవడం వేరు. చక్కెర తగ్గితే కథ తిరగబడుతుంది. వరి మొలకలో పిండిని చక్కెరగా కరిగించే ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ జీన్లలో కొన్ని అప్పుడే మేల్కొంటాయి. మొలకెత్తిన వడ్లు నమిలి చూడండి, తియ్యగా ఉంటాయి.

నేను ప్లయర్‌తో తీగ కత్తిరించి, బయటికొచ్చినంత లాగేశాను. తర్వాత వచ్చిన చిగుళ్లు పచ్చగానే నిలిచాయి. అమ్మ మాత్రం ఇప్పటికీ సాధిస్తుంది, ఆ కొమ్మ కాయలే తియ్యగా ఉండేవట, నేనొచ్చి పాడుచేశానట.