శిశువులా, బాలలా? ఫించనా, పింఛనా?

సందేహం: మా స్కూల్లో పదో తరగతి పిల్లలతో ‘పార్లమెంటు సభ్యుడి పని’ అనే వ్యాసం రాయించాను. ఒక అబ్బాయి ఇలా రాశాడు: ‘పార్లమెంటు సభ్యుడు శిశు విధానం కోసం, ఫించన్ల కోసం సభలో గళమెత్తి చట్టం తెస్తారు.’ ‘శిశు’ కొట్టేసి ‘బాలుర’ అని దిద్దాను. సాటి టీచర్ ఒకరు ‘బాలల’ అని ఉండాలన్నారు. ఇంకొకరు ‘ఫించను ఇంగ్లీషు మాట, భృతి అని రాయించండి’ అన్నారు. ఏది సరైనది?
– ఒక ఉపాధ్యాయిని, చీపురుపల్లి, విజయనగరం జిల్లా

సమాధానం: అమ్మా, ముందు మీ దిద్దుబాటు చూద్దాం. ‘బాలుర’ అనేసరికి ఆ వాక్యంలోంచి ఆడపిల్లలు వెళ్లిపోయారు. బాలుడు, బాలురు, బాలుర అనేది మగపిల్లల వరుస. ‘బాలుర ఉన్నత పాఠశాల’ అని బోర్డు కనబడితే అమ్మాయిని చేర్పించడానికి ఎవరూ లోపలికి వెళ్లరు. బాలలు, బాలల అనే వరుసను మాత్రం తెలుగులో ఇద్దరికీ కలిపి వాడుకుంటున్నాం. నవంబరు 14ను బాలల దినోత్సవం అంటాం గానీ బాలుర దినోత్సవం అనం కదా. చూడ్డానికి ఒక కొమ్ము, ఒక అక్షరం తేడా. విధానం పేరులో అది మారితే సగం మంది పిల్లలు లెక్కలోంచి పోయినట్టే. మీ సాటి టీచర్ చెప్పిందే సరైనది.

‘శిశు’ అని రాసినందుకు ఆ అబ్బాయిని తప్పు పట్టలేం. మహిళా శిశు సంక్షేమం అనే పేరు ఎన్నో ఏళ్లుగా ఆఫీసు బోర్డుల మీద చూస్తున్నాడు. మామూలు వాడుకలో శిశువు అంటే చంటిబిడ్డ, పసికందు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకానికి ఆ మాట చక్కగా నప్పింది, ఎందుకంటే అంగన్‌వాడీకి వచ్చే పిల్లలు ఆరేళ్ల లోపువాళ్లు. కానీ 2013లో వచ్చిన జాతీయ బాలల విధానం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరినీ పిల్లల కిందే లెక్కగట్టింది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోనూ అదే వయసు. ఇంటర్ రెండో ఏడాది చదివే మీసాల కుర్రాణ్ణి శిశువు అంటే వాడే నవ్వుతాడు. నవ్వితే ఫర్వాలేదు. పదహారేళ్ల పిల్లకు పెళ్లి చేస్తున్నారని తెలిసినప్పుడు ‘అది శిశువుల చట్టం కదా, దీనికేం వర్తిస్తుంది’ అని పక్కింటివాళ్లు ఊరుకుంటేనే ప్రమాదం. పేరును బట్టే జనం చట్టాన్ని అర్థం చేసుకుంటారు.

వయసు గీత అన్ని చట్టాల్లోనూ ఒకచోట లేదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పండి. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 లోపువాళ్లను ఒక రకంగా, 14 నుంచి 18 వరకు ఉన్నవాళ్లను వేరుగా చూస్తుంది. ఆ రెండోవాళ్లకు ‘కౌమారులు’ అనే మాట ఉంది. ఇంటి మాట కాకపోయినా ఆ వయసును విడిగా చెప్పడానికి పనికొస్తుంది కాబట్టి నేర్పాల్సిందే. ‘పిల్లల విధానం’ అని రాసినా తప్పేం లేదు. నన్నడిగితే అదే ఇంకా తేలిక. మన వైపు ఇళ్లల్లో గుంటడు, గుంట అని ఎంతో ముద్దుగా అంటాం. వ్యాసంలో అవి వద్దనడం మోటు మాటలని కాదు. పక్క జిల్లాలు దాటితే గుంట అంటే గొయ్యి అనుకుంటారు, అందుకు.

ఇక పింఛను. ఇంగ్లీషులోంచి వచ్చిన మాటే, కానీ ఎప్పుడో మన ఇంటి మనిషైపోయింది. ఇంగ్లీషులో కూడా ఆ మాటను మామూలుగా పలికితే మధ్యలో ‘న్చ్’ లాంటి చప్పుడు వినిపిస్తుంది. సున్న తర్వాత ఛ రాయడం పింఛం, వాంఛ, లాంఛనం లాంటి మాటలతో మన చేతికి అలవాటే. అలా ‘పింఛను’ స్థిరపడింది. ‘ఫించను’ తప్పు. ఇది ‘బాధ’ను ‘భాద’ అని రాసేవాళ్ల పొరపాటు లాంటిదే. ఒత్తు ఎక్కడో ఉందని గుర్తుంటుంది, ఎక్కడో గుర్తుండదు, ముందు కనిపించిన అక్షరానికి పెట్టేస్తాం. ‘పెన్షన్’ అని రాసినా ఒప్పే. ఒక వ్యాసంలో ఏదో ఒకటే వాడమనండి.

‘భృతి’ మంచి మాట. భరించడం, భరణం, భృత్యుడు అన్నీ ఆ ఇంటివే. ఒకరు ఇంకొకరిని పోషించడం అనే అర్థం అందులో ఉంది. నిరుద్యోగ భృతి అన్నప్పుడు బాగానే కుదురుతుంది. కానీ వృద్ధాప్య పింఛనుకు బదులుగా దాన్ని పెట్టడానికి నా మనసు ఒప్పదు. పలాసలో బంధువుల ఇంట్లో ఉన్నప్పుడు ఒక ఒకటో తారీకు పొద్దున్న చూసిన సంగతి చెబుతాను. పింఛను ఇచ్చే ఉద్యోగి పక్కింటి మామ్మ దగ్గరికొచ్చాడు. ఆవిడ జీడిపిక్కలు కొట్టీ కొట్టీ ముసలిదైన మనిషి. జీడి సొన వేలి గీతల్ని తినేసింది. బొటనవేలు మూడుసార్లు పెట్టినా మిషన్ తీసుకోలేదు. కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెడుతూ, ‘నా పించిని నాకియ్యడానికి ఏలుముద్రెందుకు బాబూ, నాను కనపడ్నేదా?’ అంది. ‘నా పించిని’ అన్న ఆ మాటలో హక్కు ఉంది. ఎవరో పోషిస్తున్నారన్న భావం లేదు. ఆవిడ తనదనుకున్న మాటను తీసేసి, ఆవిడకు తెలియని మాట తెచ్చిపెట్టడం దేనికి?

అయితే పింఛను అని ఊరికే వదిలేయకుండా ఏ పింఛనో రాయించండి. ప్రభుత్వ ఉద్యోగం చేసి దిగిపోయినవాళ్లది ఒకటి. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసిన కార్మికుడికి పీఎఫ్ ఆఫీసు ద్వారా వచ్చేది మరొకటి. అది 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం. అందులో కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. దాన్ని పెంచమని పార్లమెంటులో ఎందరో సభ్యులు అడుగుతూ వచ్చారు. మామ్మకు వచ్చేది మూడోది, సామాజిక భద్రతా పింఛను. అందులో కేంద్రం తన పథకం కింద 60 దాటిన పేదవాళ్లకు నెలకు 200, 80 దాటితే 500 ఇస్తుంది. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 4,000 అయింది, అది రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం. ‘మా ఎంపీ పింఛను 4,000 చేశారు’ అని ఎవరైనా రాస్తే వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, వాక్యం మాత్రం తప్పు.

అసలు నాకు ఎక్కువ బాధ కలిగించింది ‘గళమెత్తి చట్టం తెస్తారు’ అన్న ముక్క. మీరు దాన్ని దిద్దలేదు. పేపర్లలో రోజూ చూసే మాటే కాబట్టి మీకు తేడాగా అనిపించి ఉండదు. గళమెత్తడం అంటే గట్టిగా మాట్లాడటం. సభలో జరిగే పనులకు విడివిడిగా మాటలున్నాయి, ఒక్కోటి ఒక్కో మెట్టు. సభ్యుడు ప్రశ్న అడుగుతాడు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, గుర్తు లేనిదానికి రాతలో వస్తుంది. జీరో అవర్‌లో, అంటే అత్యవసర విషయాలు లేవనెత్తడానికి ఇచ్చే సమయంలో, విషయం ప్రస్తావిస్తాడు. చర్చలో మాట్లాడతాడు. బిల్లు ప్రవేశపెడతాడు. బిల్లును సభలు ఆమోదిస్తాయి. రాష్ట్రపతి సంతకం పడితే చట్టమవుతుంది. ఆ తర్వాత ఎప్పుడో అమల్లోకి వస్తుంది. విద్యాహక్కు చట్టాన్నే చూడండి. పార్లమెంటు ఆమోదించింది 2009లో, అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. మధ్యలో ఉన్న ఆ నెలల్లో చట్టం ఉంది, అమలు లేదు. ‘వచ్చింది’ అనే ఒక్క మాటతో రెండూ చెప్పేస్తే ఆ తేడా ఎవరికీ తెలియదు.

మంత్రి కాని సభ్యుడు సొంతంగా బిల్లు పెట్టవచ్చు. లోక్‌సభలో వాటికి శుక్రవారం మధ్యాహ్నాలు కేటాయిస్తారు. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. కాబట్టి ‘బిల్లు ప్రవేశపెట్టారు’ అంటే నిజం, ‘చట్టం తెచ్చారు’ అంటే దాదాపు ఎప్పుడూ అబద్ధమే. పేపర్లు దీన్ని ‘అనధికార సభ్యుల బిల్లు’ అని కూడా రాస్తుంటాయి. మనకు అనధికారం అంటే పర్మిషన్ లేని కట్టడం, అనుమతి లేని లేఅవుట్. పిల్లలు అదేదో దొంగ బిల్లు అనుకుంటారు. ‘ప్రైవేటు సభ్యుడి బిల్లు’ అనండి, లేదా ‘మంత్రి కాని సభ్యుడు పెట్టిన బిల్లు’ అని విడమర్చి చెప్పండి. శాసనసభ్యుడు అన్న మాట మన వాడుకలో ఎమ్మెల్యేకే స్థిరపడింది, ఎంపీకి అది వద్దు.

ఆ అబ్బాయి వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: ‘పార్లమెంటు సభ్యులు బాలల విధానం మీద, పింఛన్ల మీద సభలో ప్రశ్నలు అడుగుతారు, చర్చల్లో మాట్లాడతారు, సొంతంగా బిల్లులు కూడా ప్రవేశపెట్టవచ్చు, రెండు సభలూ ఆమోదించి రాష్ట్రపతి సంతకం చేస్తేనే బిల్లు చట్టమవుతుంది.’ కొంచెం పొడుగైంది, రెండు వాక్యాలుగా విరగ్గొట్టినా బాగుంటుంది. ‘సభ్యుడు’ను ‘సభ్యులు’గా మార్చింది ఎందుకో గమనించే ఉంటారు, మహిళా ఎంపీలూ ఉన్నారు కదా. ‘శిశు’ అన్నందుకు ఆ అబ్బాయికి మార్కు తగ్గించి ఉంటే తిరిగి వేసేయండి.