లండన్ నుంచి టోక్యోకు విమానంలో దూరమెంత, సమయమెంత?

లండన్ హీత్రో నుంచి టోక్యో హనేడాకు ఉన్న దూరాన్ని విమాన వేగంతో భాగిస్తే పదకొండు గంటల లోపే వస్తోందని, టైమ్‌టేబుల్‌లో మాత్రం పద్నాలుగు గంటలు కనిపిస్తోందని, ఏది నమ్మాలని అడిగారు. టైమ్‌టేబుల్‌నే నమ్మండి. 2022కు ముందూ ఆ తర్వాతా ఈ మార్గంలో ప్రయాణించాను కనుక ఆ తేడా ఎక్కడ నుంచి వస్తుందో వివరించగలను.

ఆన్‌లైన్ లెక్కల్లో కనిపించే సుమారు 9,600 కిలోమీటర్లు భూమి గుండ్రదనాన్ని బట్టి రెండు విమానాశ్రయాల మధ్య ఉన్న అతి తక్కువ దూరం మాత్రమే. ఆ దారి స్కాండినేవియా మీదుగా సైబీరియాలోకి పోతుంది. ఒకప్పుడు విమానాలు దాదాపు ఆ దారినే పట్టి పన్నెండు గంటలకు అటూ ఇటూగా చేరేవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం బ్రిటిష్ విమానాలకు మూసుకుపోయింది, జపాన్ సంస్థలు కూడా దాన్ని వదిలేశాయి. నేను తర్వాత టోక్యోకు వెళ్లినప్పుడు సీటు ముందున్న తెరపై విమానం నల్ల సముద్రం, కాకసస్, కజకిస్తాన్, చైనాల మీదుగా సాగింది. తిరుగు ప్రయాణంలో అది తూర్పుకే బయలుదేరి, పసిఫిక్ దాటి, అలాస్కా, గ్రీన్‌లాండ్‌ల మీదుగా లండన్ చేరింది. పశ్చిమానికి వెళ్లవలసిన విమానం తూర్పుకు తిరగడం వింతగా అనిపించవచ్చు గానీ, మధ్య అక్షాంశాల్లో పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్‌కు ఎదురెళ్లడం కంటే ఆ చుట్టుదారే ఒక్కోసారి మేలవుతుంది. (సోవియట్ కాలంలోనూ యూరప్, జపాన్ మధ్య తిరిగే ఎన్నో విమానాలు అలాస్కాలోని యాంకరేజ్‌లో ఇంధనం నింపుకుని వెళ్లేవి.)

ఈ గాలి ప్రభావం చిన్నది కాదు. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతున్నా, వెనుక నుంచి బలమైన గాలి తోడైతే నేలను బట్టి చూసే వేగం వెయ్యి దాటడం అదే తెరపై గమనించాను. ఎదురుగాలి ఉంటే అంతకంత తగ్గుతుంది. అందుకే ఒకే మార్గంలో వేసవికీ చలికాలానికీ సమయాలు మారుతుంటాయి. పైగా టైమ్‌టేబుల్ సమయంలో గేటు వదిలినప్పటి నుంచి మళ్లీ గేటు చేరేదాకా విమానం రన్‌వే వరకు నేలపై కదిలేదీ, వరుసలో ఆగేదీ అన్నీ కలిసి ఉంటాయి.

చేరే తేదీని మాత్రం జాగ్రత్తగా లెక్కించుకోండి. చలికాలంలో టోక్యో లండన్ కంటే 9 గంటలు ముందుంటుంది, వేసవిలో 8 గంటలే, ఎందుకంటే వేసవిలో బ్రిటన్ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతుంది, జపాన్ మార్చదు. చలికాలంలో సోమవారం రాత్రి 7 గంటలకు లండన్‌లో బయలుదేరి పద్నాలుగు గంటలు ప్రయాణిస్తే టోక్యోలో మంగళవారం సాయంత్రం 6 అవుతుంది. హోటల్‌ను మంగళవారం రాత్రి నుంచే తీసుకోండి.